ముందుమాట: జొన్నచేలో ఈగను కనిపెట్టుకుని

పురుగుల మీద తెలుగులో వచ్చే పుస్తకాల్లో చాలావరకు మందుల పట్టికలే. పురుగు పేరు, అది చేసే నష్టం రెండు వాక్యాల్లో చెప్పి, లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లు కలపాలో రాసి ముగిస్తారు. రైతుకు అవీ కావాలి, కాదనను. కానీ ఒకే ఒక్క పురుగును పట్టుకుని, అది ఎక్కడ పుడుతుంది, ఏం తిని బతుకుతుంది, ఏ గంటలో బలహీనంగా ఉంటుంది, ఏయే దేశాల్లో ఉంది అన్నది ఆసాంతం మన భాషలో చెప్పే పుస్తకం రావాలని ఉద్యోగంలో ఉన్న రోజుల నుంచీ నా కోరిక. జొన్న మొవ్వు ఈగ మీద ఈ అమ్మాయి రాసిన పుస్తకంతో ఆ కోరిక తీరింది. రాతప్రతి చేతికందిన రాత్రి దీపం ఆర్పలేకపోయాను.

రచయిత్రి పాలమూరు మెట్ట సేద్యగాళ్ల ఇంటి పిల్ల. నా దగ్గర చదువుకున్నవాడి దగ్గర చదువుకుంది కనుక నాకు మనవరాలి వరస. "తాతగారూ, తప్పులు దిద్దడానికైనా సరే, మీరే ముందు చదవాలి" అంది. చదివాను. దిద్దవలసినవి కొన్నే ఉన్నాయి, అవి ఆమెకు విడిగా చెప్పాను. ఇక్కడ పాఠకులకు చెప్పవలసింది వేరే ఉంది.

ఈ ఈగను మన పల్లెల్లో జొన్న వేసే ప్రతి ఇల్లూ ఎరుగును, అయితే ఈగగా ఎరగదు. రైతు చూసేది చచ్చిన మొవ్వునే. మొలక లేచిన రెండు మూడు వారాలకు చేలో అక్కడక్కడా నడిమి ఆకు వాడి, పసుపు తిరిగి, ఎండిపోతుంది. చుట్టూ ఆకులు పచ్చగానే ఉంటాయి. ఆ మొవ్వు పట్టి లాగితే పెద్దగా బలం పెట్టకుండానే ఊడి చేతికొస్తుంది, మొదలు కుళ్లి ముక్కు మూసుకునేంత కంపు కొడుతుంది. ఆ కంపే గుర్తు. కాండం తొలిచే రెక్కలపురుగు గొంగళి చంపిన మొవ్వుకు అంత కంపు ఉండదు, పైగా అది దూరిన మొక్క ఆకుల మీద వరసగా చిన్న చిన్న చిల్లులు కనిపిస్తాయి. రెండింటినీ ఒకటే అనుకుని ఒకే మందు కొట్టి డబ్బు పోగొట్టుకునే రైతులు ఇప్పటికీ ఉన్నారు. ఈ తేడా ఒక్కటీ బొమ్మలతో నేర్పినందుకే ఈ పుస్తకం పల్లెల్లో నిలుస్తుంది.

శాస్త్రజ్ఞులు దీన్ని అథెరిగోనా సొక్కాటా అంటారు. మన ఇళ్లలో ముసిరే ఈగ కుటుంబమే దీనిదీ. ఆ బంధుత్వం దగ్గర రచయిత్రి చాలాసేపు ఆగింది, ఆగవలసిన చోటే అది. ఈగల వంశంలో చాలావాటి పిల్లలు పేడలోనో కుళ్లిన పదార్థంలోనో పెరుగుతాయి. పచ్చి మొక్కను నమిలి తినే దవడలు వాటికి లేవు. మరి ఈ ఈగ పిల్ల జొన్నమొక్కలో ఎలా బతుకుతోంది? అది మొక్క నడుమ పెరుగుదల మొగ్గను మొదట కోసేస్తుంది. కోసిన భాగం చచ్చి కుళ్లుతుంది. ఆ కుళ్లును తింటుంది. పాత అలవాటు మానకుండానే పచ్చని పంటలో చోటు సంపాదించుకుంది. మొవ్వు లాగినప్పుడు వచ్చే కంపుకు మూలం ఇదేనని చదివితే, ఏళ్ల తరబడి ఆ కంపు పీల్చినవాళ్లకు కూడా చేను కొత్తగా కనిపిస్తుంది.

పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది రెండో అధ్యాయం. గుడ్డు పగిలిన క్షణం నుంచి పిల్లపురుగు మొవ్వులోకి చేరేదాకా గడిచే కొద్ది గంటల కథ అది. తల్లి ఈగ ఇంట్లో ఈగకన్నా కొంచెం చిన్నది, బూడిద రంగు. పొట్ట పసుపు, దాని మీద జంటలుగా గోధుమ రంగు చుక్కలు. పగటి పూట వచ్చి లేత మొక్క మూడో ఆకు నుంచి అయిదో ఆకు దాకా ఏదో ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఆకు అడుగున, నడిమి ఈనెకు సమాంతరంగా, మామూలుగా మొక్కకు ఒక్క గుడ్డే పెడుతుంది. గుడ్డు తెల్లన, రెండు కొసలా సన్నగా, మిల్లీమీటరు పొడవు. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడే వేళ వంగి ఆకును వెనక్కి తిప్పి చూస్తే భూతద్దం లేకుండానే కనిపిస్తుంది. రచయిత్రి దాన్ని మామూలు కెమెరాతో తీసిన ఫొటోలు చూశాక, ఏ రైతూ నాకు కనబడలేదు అనలేడు.

రెండు మూడు రోజులకు గుడ్డు పగులుతుంది. అదీ ఏ వేళప్పుడు? తెల్లవారక ముందు. ఆ వేళకు మొవ్వులోని లేత ఆకు మీద సన్నని తడి పొర ఉంటుంది. కాళ్లు లేని ఆ పిల్లపురుగు ఆకు అడుగు నుంచి పైకి వచ్చి, ఆ తడి మీదుగా జారుతూ మొవ్వులోకి దిగి, ఆకు ఒరల సందున దూరి పెరుగుదల మొగ్గను చేరాలి. ఎండ వచ్చేలోగా చేరిందా, మొక్క పని అయిపోయినట్టే. దారిలోనే తడి ఆరిపోయిందా, పురుగు అక్కడే ఎండి చస్తుంది. ఈగ జీవితం మూడు వారాలు అనుకుంటే అందులో గుడ్డుకు రెండు మూడు రోజులు, పిల్లపురుగుకు ఎనిమిది పది రోజులు, మట్టిలోనో మొక్క మొదట్లోనో గూడులో నిద్రకు మరో వారం. అన్ని రోజుల్లోనూ అది పూర్తిగా బయటపడి, దిక్కు లేకుండా ఉండేది ఈ కొద్ది గంటలే.

ఆ తడి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు చాలాకాలం అందరూ మంచు అనే అనుకున్నారు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఎన్వాంజే, శివరామకృష్ణన్, సోమన్, వారి సహచరులు 1990 తర్వాతి కొన్నేళ్లలో చేసిన పరిశోధనల్లో అది మొక్క లోపలి నుంచే ఊరుతున్న నీరని తేలింది. గుర్తు పట్టగల రేడియోధార్మిక పదార్థాన్ని మొక్కకు అందించి, ఆకు మీది తడిలో దాని జాడ చూశారు. పది రోజుల వయసు మొలకల్లో ఈ తడి ఎక్కువ. ఈగ ఎంచుకునే వయసూ సరిగ్గా అదే. ఈగను తట్టుకునే రకాల మొవ్వులో తడి తక్కువ, తట్టుకోలేని హైబ్రిడ్లలో ఎక్కువ. హైదరాబాదుకు ముప్పై కిలోమీటర్ల దూరంలో తేలిన ఇంత గొప్ప విషయం ఇంతవరకు తెలుగు పాఠకుడికి చేరనే లేదు. ఈ పుస్తకంలో అది పదిహేను పేజీల్లో, పదో తరగతి చదివినవారికి కూడా అర్థమయ్యేలా ఉంది. అలా రాయడం ఎంత కష్టమో పాఠాలు చెప్పి బతికినవాడిగా నాకు తెలుసు.

తట్టుకునే రకాల చరిత్రలో రచయిత్రి పెద్దలకు ఇవ్వవలసిన గౌరవం ఇచ్చింది. కోయంబత్తూరులో పొన్నయ్య గారు రెండు వందలకు పైగా జొన్న రకాలను చేలో పరిశీలించి, తట్టుకునే రకాల ఆకు ఒరల్లో సిలికా కణాలు ఉండే తీరు వేరుగా ఉందని 1951లోనే ప్రకటించారు. ఇజ్రాయెల్‌లో అబ్రహాం బ్లూమ్ 1960ల చివర అదే దారిలో ముందుకు వెళ్లారు. తర్వాత ఇక్రిశాట్‌లో మైతీ, బిడింజర్‌లు 1979లో ఆకు అడుగున ఉండే కంటికి ఆనని నూగును, లేత ఆకు నిగనిగను ఈగతో ముడిపెట్టి చూపారు. నూగు ఉన్న ఆకు మీద గుడ్లు తక్కువ పడతాయి. నిగనిగలాడే సన్నని, నిటారు ఆకుల మొలకకు ఈగ తాకిడి తక్కువ.

ఇక్కడ నేను కొంచెం ఆగి చెప్పవలసిన మాట ఒకటుంది. ప్రపంచం నలుమూలల నుంచి సేకరించిన జొన్నల్లో ఈ నిగనిగ ఉన్నవి చాలా తక్కువ. ఉన్నవాటిలో ఎక్కువ భాగం మన ద్వీపకల్ప భారతానివే, ముఖ్యంగా రబీ జొన్నలు. మహారాష్ట్రలోని మోహోల్ పరిశోధన కేంద్రంలో 1930లలో ఎంపిక చేసిన మాల్దండి, అంటే ఎం 35-1, ఆ కోవలోదే. ఈ గుణాన్ని ఎవరూ ప్రయోగశాలలో తయారు చేయలేదు. ఈగ ఉన్న చేలల్లో ఏటా పంట పండి, కంకి నిలిచిన మొక్క నుంచే మన రైతులు, ఎక్కువగా ఆడవాళ్లు, విత్తనం తీసి బుట్టల్లో దాచారు. ఎన్నో తరాలు ఈగ ఒక వైపు నుంచీ వాళ్లు ఒక వైపు నుంచీ ఏరుకుంటూ రాగా మిగిలిన గింజ అది. ఇథియోపియా నుంచి వచ్చిన ఐఎస్ 18551 అనే జొన్న కూడా అలాగే అక్కడి రైతుల చేతుల మీదుగా వచ్చిందే. ఈ రోజు ఈగను తట్టుకునే జొన్న కోసం పెట్టే పరీక్షల్లో దాన్ని పోలికకు నాటడం మామూలు. హైదరాబాదు జొన్న పరిశోధన కేంద్రంలో 2009 ప్రాంతంలో ఈగను తట్టుకునే జన్యువుల చోట్లు వెతికినప్పుడు కూడా ఒక తల్లి 296బి అయితే రెండో తల్లి ఇదే.

1964లో మన దేశపు మొదటి హైబ్రిడ్ జొన్న సీఎస్‌హెచ్-1 వచ్చింది. గింజ దిగుబడి పెరిగింది, ఆ పనిలో ఎన్.జి.పి. రావు గారి వంటి వారి కృషిని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ విదేశీ రకాల నుంచి వచ్చిన ఆ లేత, వెడల్పాటి, నిగనిగ లేని ఆకు ఈగకు అనుకూలమైంది. అంతవరకు ఏదో ఒక మూల కనిపించే మొవ్వు చావు చేలకు చేలు పాకింది. ఆ కాలంలో సాళ్లలో పురుగుమందు గుళికలు వేయించడం మా వృత్తిలో పెద్ద పని. ఆ గుళికలు ఎంత విషమో, వాటిని ఒట్టి చేతులతో చల్లిన కూలీలు ఎంత బాధపడ్డారో తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. ఇప్పుడు కిలో విత్తనానికి మూడు గ్రాముల థయోమిథాక్సామ్ పట్టించి విత్తమంటున్నాం. అంతకన్నా ముందు చేయవలసిన పని అదునులో విత్తడం, ఈ పుస్తకం పేజీ పేజీకీ గుర్తు చేసేది అదే.

అదును మాట ఎందుకంత ముఖ్యమో ఈగ లెక్క చూస్తే తెలుస్తుంది. ఎండాకాలంలో ఈగ పలచబడుతుంది. నీటి కింద పెంచే పచ్చిమేత జొన్నలోనూ, జొన్నకు దాయాదులైన అడవి గడ్డుల్లోనూ తలదాచుకుంటుంది. తొలకరికి చేలు మొలవగానే మొదటి తరం బయలుదేరుతుంది, మూడు వారాలకు రెండోది, మళ్లీ మూడు వారాలకు మూడోది. శ్రావణ, భాద్రపదాలకు చేలన్నీ ఈగలమయం. మృగశిర, ఆర్ద్ర కార్తెల్లో వేసిన జొన్న అప్పటికి ముదిరి ఉంటుంది. నెల దాటిన మొక్కకు ఈగ భయం దాదాపు లేనట్టే. పుష్యమి దాటాక వేసిన చేను సరిగ్గా ఆ ముట్టడి మధ్యలో మొలుస్తుంది. ఖమ్మం వైపు మాఘీ జొన్న వేసేవారికి ఈ బాధ మరీ ఎక్కువ, ఎందుకంటే వాళ్లు విత్తేదే ఈగ ముమ్మరంగా ఉండే నెలల్లో. ఊరంతా పది రోజుల తేడాలో విత్తితే ఈగకు లేత మొలకలు దొరికే కాలం కుదించుకుపోతుంది. ఎవరికి వాళ్లు నెల తేడాతో విత్తితే ఒకరి చేలో పెరిగిన ఈగ మరొకరి చేలోకి పోతుంది. తాండూరు, పాలెం ప్రాంతాల్లో పెద్దవాళ్లతో మాట్లాడి వాళ్ల విత్తు తేదీలను ఈగ తరాల పక్కన పెట్టి రచయిత్రి గీసిన పట్టిక ఈ పుస్తకానికే వన్నె.

విత్తనం కాస్త ఎక్కువ వేసి, ఈగ పట్టిన మొక్కలను ఒత్తు తీసేటప్పుడే పీకి చేను బయట వేయమన్న పాత సలహా కూడా ఇందులో ఉంది. మొవ్వు చచ్చిన మొక్క పక్క పిలకలు వేస్తుంది. మంచి వానలు పడితే ఆ పిలకలకే కంకులు వస్తాయి, కానీ ఒకేసారి పండవు; ముందుది పిట్టల పాలు, వెనకది పురుగుల పాలు. వానలు వెనుకబడితే ఆ లేత పిలకల్లో విషం చేరి, మేసిన గొడ్డుకు నాము పడుతుంది. ఈగ దెబ్బ ఒక్క గింజకే పరిమితం కాదని, చొప్ప మీద ఆధారపడే కొట్టం దాకా పోతుందని ఇంత స్పష్టంగా చెప్పిన మరో పుస్తకం నా ఎరుకలో లేదు.

ఇక ఈగ విస్తృతి గురించిన అధ్యాయం. ఈ ఈగకు పేరు పెట్టింది 1871లో ఇటలీకి చెందిన కమిల్లో రొందాని. మన దేశంలో దాన్నే చాలాకాలం మరో పేరుతో, అథెరిగోనా ఇండికా అని పిలిచారు. పొన్నయ్య గారి వ్యాసంలోనూ ఆ పేరే. లండన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఆడ్రియన్ పాంట్ 1972లో ఆసియా ఈగలను, అంతకు ముందు ఏడాది డీమింగ్ ఉత్తర నైజీరియా ఈగలను సరిచూశాక ఈ చిక్కు విడింది. మధ్యధరా తీరం నుంచి ఆఫ్రికా నిలువునా, ఇటు పశ్చిమాసియా మీదుగా భారతం, థాయ్‌లాండ్ దాకా జొన్న ఉన్న చోటల్లా ఈ ఈగ ఉంది. జొన్న ఆఫ్రికాలో పుట్టిన పంట కనుక ఈగ కూడా దాని వెంటే నడిచి వచ్చిందా అన్నది ఆలోచించవలసిన ప్రశ్నే, రచయిత్రి తొందరపడకుండా దాన్ని తెరిచి ఉంచింది. ఈ ఈగ జ్ఞాతుల్లో ఒకటి, గరికను తొలిచేది, సముద్రాలు దాటి 2010లో అమెరికాలోని జార్జియా గడ్డి పొలాల్లో తేలింది. మనం వినాయకుడికి పెట్టే గరికే అక్కడ వేల ఎకరాల్లో ఎండుగడ్డి పంట. ఇప్పుడు అక్కడి రైతులూ గరిక కొసలు తెల్లబడితే కోతల తేదీలు మార్చుకుంటున్నారు. అలవాటైన ఊరు వదిలిన పురుగు ఎంత దూరం పోగలదో అక్కడున్న మన తెలుగువాళ్లు కూడా తెలుసుకోవడం మంచిది.

ఈ అథెరిగోనా ప్రజాతిలో ఒక ఈగను మరో ఈగ నుంచి విడదీయడం మాటలు కాదు. మగ ఈగ పొట్ట చివర ఉండే మూడు తమ్మెల అవయవాన్ని సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పాలి. ఆడవాటిని విడదీయడం మరీ కష్టం. వీటిని పట్టుకోవడానికి పళ్లెంలో ఎరగా పెట్టేది ఎండుచేపల పొడి. గుడ్లు ఎదగడానికి మాంసకృత్తులు కావాలి కనుక ఆ వాసనకు వచ్చేవాటిలో ఆడవే ఎక్కువ. వచ్చిన ప్రతి ఈగా జొన్న ఈగ కాదు, పళ్లెంలో దాని అన్నదమ్ములు ఎన్నో ఉంటాయి. ఇక్రిశాట్‌లో పనిచేసిన డేవిస్, కె.వి. శేషురెడ్డి గార్లు 1980ల మొదట్లో ఆంధ్రప్రదేశ్ గట్ల మీది గడ్డులు తెచ్చి, ఏ గడ్డి నుంచి ఏ ఈగ వస్తుందో పెంచి చూసి జాబితా రాశారు. ఓపికతో చేసిన ఆ పనికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. శేషురెడ్డి గారు తర్వాత కెన్యాలోని కీటక పరిశోధన సంస్థ ఇసిపేకు వెళ్లి అక్కడి రైతుల పొలాల్లో కాండం తొలిచే పురుగుల మీద పని చేశారు.

పుస్తకంలో నాకు తక్కువ అనిపించింది ఒక్క చోటే. చిరుధాన్యాలకు మళ్లీ మంచి రోజులు వచ్చాయి. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ఒకప్పుడు కోటీ డెబ్బై లక్షల హెక్టార్లు దాటిన మన జొన్న విస్తీర్ణం నాలుగో వంతుకు పడిపోయిన ఈ కాలంలో కొర్ర, సామ, ఊద, అరిక వేసే కొత్త రైతులు పెరుగుతున్నారు. వాటికి పురుగు బెడద లేదని కొందరు వేదికల మీద చెబుతున్నారు. అది నిజం కాదు. కొర్రకు ఒక మొవ్వు ఈగ ఉంది, సామకు ఒకటి, ఊదకు ఒకటి, సజ్జకు ఒకటి. అన్నీ ఈ అథెరిగోనా సంతతే. వీటికి రచయిత్రి మూడు పేజీలే ఇచ్చింది. పూర్తి అధ్యాయం కావాలి. ఆలస్యంగా వేసిన సామచేను ఎందుకు పోయిందో తెలియక విత్తనం అమ్మినవాడితో తగువు పడుతున్న రైతు చేతికి ఆ అధ్యాయం అందాలి.

అలాగే వెనక పేజీల్లో మగ ఈగ పొట్ట చివరి బొమ్మలు, పంటకొకటి చొప్పున, పెద్దవిగా వేయించమని ప్రచురణకర్తలను కోరుతున్నాను. ఇంటర్ చదివే పిల్లలు కళాశాల సూక్ష్మదర్శినిలో వాటిని సరిపోల్చుకోగలరు. ఆ బొమ్మలు గీసే ఓపిక, చేయి రెండూ రచయిత్రికి ఉన్నాయి. రాతప్రతి అంచుల్లో పెన్సిలుతో వేసినవి చూశాను. రెండో ముద్రణకు అవి సిద్ధం చేయమని ఆమెకు ఇప్పటికే చెప్పాను, ఈ వానాకాలంలో కొర్ర, సామ చేల నుంచి మొవ్వులు తెచ్చి ఈగలు పెంచుతానని మాట ఇచ్చింది. చిరంజీవికి నా ఆశీస్సులు.